అవ్వ దగ్గుకు మందు

పోయిన వేసవిలో కోవిల్‌పట్టి నుంచి రైలెక్కి విరుదునగర్ వెళ్లాను. నడుం విరిగిన మా అవ్వ అక్కడ ఒక షావుకారు పెట్టిన ముసలివాళ్ల ఆశ్రమంలో ఉంది. వెళ్లేసరికి ఊపిరాడక దగ్గుతోంది.

మేనేజరుగారు ధైర్యం చెప్పారు. "క్షయ తల్లీ! దినామూ మందు తాపిస్తా ఉండాము. రేపు ఊరిబయట కొట్టంలో పండబెడతాము."

ఎంత శ్రద్ధో! నాకూ తుమ్ములొస్తుంటే అవ్వ మంచం వెనక తలుపు తీశాను. గది నిండా షావుకారుగారి ఎండుమిరప బస్తాలు! ఘాటుకు మేనేజరుగారు కళ్లనీళ్లు కారుస్తూ, దగ్గుతూ గోడ పట్టుకున్నారు.

"అయ్యో సామీ, మీకూ క్షయేనా? కొట్టంలో ఇంకో మంచం వేయించేదా?" అన్నాను.

అవ్వను ఆ పూటే వాకిటి గదికి మార్చారు. దగ్గు పోయింది. తమ మందే నయం చేసిందని మేనేజరుగారు ఇప్పటికీ అందరికీ చెబుతున్నారట. నేను మాత్రం ఎక్కడికెళ్లినా మందుసీసా కన్నా ముందు పక్కగది చూస్తున్నాను.