బావమరిది సీటు కింద సీసం బిళ్లలు

నాకు చాయ్ చక్కెర లేకుండా చెప్పండి. నవ్వకండి, మొన్న ఆదివారం నేను న్యాయం అడిగిన ఫలితం ఇది.

మీకు తెలుసు కదా, నేను ఎయిర్‌పోర్టు స్టాఫ్ బస్సు నడుపుతాను. ఆరాంఘర్ ట్రాఫిక్‌లో అంత పెద్ద బండిని చిన్న గీత పడకుండా తీసుకుపోతాను. అలాంటి నన్ను శంషాబాద్ అవతల గో-కార్ట్ ట్రాకులో మా బావమరిది నవీన్ రెండుసార్లు ఓడించాడు. వాడికి మైలార్‌దేవ్‌పల్లిలో సెల్‌ఫోన్ షాపు, స్కూటీ తప్ప ఇంకోటి నడిపి ఎరగడు. ఏ పెళ్లికి పోయినా "మా బావ బస్సు డ్రైవరే గని..." అని మొదలుపెడతాడు. నాకు నిజంగానే బాధేసేది. నాకు వచ్చిన పని అదొక్కటే మరి.

ఆలోచిస్తే కారణం దొరికింది. వాడు చీపురుపుల్ల, నేను ఇలా. ఆ చిన్న ఇంజను నన్ను లాగాలంటే మాటలా? పెద్ద రేసుల్లో డ్రైవర్లు ఇందుకే కడుపు మాడ్చుకునేవాళ్లట. పాపం, అది అన్యాయమని ఇప్పుడు డ్రైవర్‌ని సీటుతో కలిపి తూచి, తక్కువైతే ఆ మేరకు బరువు కలుపుతారట. నాకా పద్ధతి తెగ నచ్చింది. మనిషి ఒళ్లుని కాదు, చేతిని చూడాలి.

మొన్న అమ్మతో సహా అందరం పోయాం. ట్రాకు అతన్ని పట్టుకున్నాను.

"అన్నా, ఇద్దర్ని జోకు. వానికి ఎంత తక్కువుంటే అంత బరువు పెట్టు. తూకమంటే అందరికీ ఒక్కటే ఉండాలె."

నవీన్ అరవై రెండు తూగాడు. నేనెక్కగానే అతను "తొంభై ఒకటి" అని ట్రాకంతా వినబడేలా చెప్పాడు. బెంచీ మీద సకినాలు తింటున్న అమ్మ ఆగి నా వంక చూసింది. మళ్లీ తినలేదు.

నవీన్ సీటుకి సీసం బిళ్లలు బిగించారు. "బావా, నీ పొట్ట దెచ్చి నా సీటు కింద పెట్టినట్టుంది" అన్నాడు వాడు.

మొదలవగానే నేనే ముందు. తర్వాత మలుపొచ్చింది. బస్సు తిప్పేటప్పుడు వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కకుండా ముందు బాగా బయటికి పోయి, అప్పుడు తిప్పుతాం. ఇన్నేళ్ల అలవాటు, చేయి దానంతటదే అలా పోయింది. లోపలి వైపు ఆటో పట్టేంత ఖాళీ. నవీన్ అందులోంచి దూరిపోయాడు. ప్రతి మలుపులోనూ అంతే. బరువులు సమానమయ్యాక ఇక సాకు లేదు.

తల దించుకుని అమ్మ దగ్గరికి పోయాను, ఓదారుస్తుందని.

"మంచిగనే నడిపినవ్ కొడుకా. గది గాదు గని, నువ్వు జొరమొచ్చి దవాఖానల ఉంటే సమ్మక్కకు నీ నిలువెత్తు బంగారం మొక్కిన. జాతరల ఎంత జోకించినవ్?"

మా దగ్గర ఆ తల్లికి మనిషి బరువుకి సమానంగా తూచి పెట్టే బెల్లాన్నే బంగారం అంటాం.

"డెబ్బై ఎనిమిది కిలోలు. దవాఖానల గంతే ఉన్న గదా."

"దవాఖానల బొక్కలగూడు లెక్కున్నవ్. జాతరకు పోయిననాడు గట్లనే ఉన్నవా?"

నేను చొక్కాని పొట్ట మీదికి లాక్కున్నాను.

"అంటే తల్లికి తక్కువ పెట్టినవ్. తూకం అందరికీ ఒక్కటే ఉండాలంటివి, మరి తల్లికో? వచ్చే జాతరకు నేనే దగ్గరుండి జోకిపిస్త. డెబ్బై ఎనిమిది మీద ఎంతుంటే అంత బంగారం, తల్లి కూసునే గద్దెల దాంక నువ్వే నెత్తిన మోసుకరావాలె."

నవీన్ హెల్మెట్ తీస్తూ, "ఈ బిళ్లలు గూడ పంపిద్దమా అత్తమ్మా?" అన్నాడు.

రేసు డ్రైవర్లు కడుపు మాడ్చుకోవడం అన్యాయమని అంత జాలిపడ్డానా, ఇప్పుడు ఒక బస్సు డ్రైవర్ మాడ్చుకుంటున్నాడు. ఒళ్లుని కాదు, చేతిని చూడమన్నాను. చేతి సంగతి ట్రాకులో తేలిపోయింది, ఒంటి సంగతి జాతరలో తేలుతుంది.

ఏంటి, చక్కెర వద్దంటే బెల్లం చాయ్ చెప్పారా? దండం పెడతాను, ఆ మాట నా ముందు ఎత్తకండి.