అడగకుండా పెట్టిన బొంత ఫోటో

2011. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు మూతబడ్డాయి. మాదాపూర్ ఆఫీసుల గేట్ల దగ్గర మాత్రం కాపలా ఎక్కువైంది. అప్పటికి నేను బోరబండలో పాత చీరలతో బొంతలు కుట్టి అమ్ముతున్నాను. ఇప్పటికీ అదే పని. నెట్టులో కొత్తగా దుకాణం తెరిచే ఆడవాళ్ళు వచ్చి, పేజీ ఎట్లా నడపాలి, గిరాకీ ఎట్లా పెంచాలి అని అడుగుతుంటారు. నేను చదివింది మూడో తరగతి. పాఠాలు చెప్పే దాన్ని కాదు. జరిగిన సంగతి ఒకటి చెబుతాను, అందులో ఏముందో వాళ్ళే ఏరుకుంటారు.

బొంత అంటే నూలు చీరలను మూడు నాలుగు పొరలుగా పరిచి చేత్తో కుట్టేది. నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపు పోవాలి, లేకుంటే ముడతలు పడుతుంది. కొత్త గుడ్డ పనికిరాదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరే పసిబిడ్డ ఒంటికి పడుతుంది. అటువంటి చీరలను స్టీలు గిన్నెలకు మార్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పేజీ తెరిచింది మా కోడలు రజిత. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది. పేజీ అంటే ఇంటి ముందు కట్టే బోర్డు లాంటిదే, కాకపోతే మనం చూడని ఊళ్ళలో కూడా కనబడుతుంది. అందులో పెట్టేది పోస్ట్. నచ్చినవాళ్ళు లైక్ కొడతారు, కింద రాసే మాట కామెంట్. ఎంతమంది కళ్ళబడిందో ఆ లెక్కను రీచ్ అంటారు.

"అత్తమ్మా, పైసలు కడితె ఇంకెక్కువ మందికి చూపిస్తరంట" అంది రజిత ఒక రోజు.

"కూసోని చూసేటోళ్ళకు ఎదురు మనం పైసలు గట్టాల్నా? ఊకె వచ్చే తొవ్వ లేదా?"

"ఉన్నది. దినాం ఒక ఫోటో పెట్టాలె."

"అయితె దినాం పెట్టు. ఒక్క పూట తప్పినా ఊకోను."

ఆ నియమం నాదే. ముంచింది కూడా అదే.

ఆ పేజీ చూసే మాధవి వచ్చింది. భీమవరం అమ్మాయి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, సంచిలోంచి మామిడిపండు రంగు చీర తీసింది. ఆకుపచ్చ అంచు. కొంగు దగ్గర ఎప్పుడో నిప్పురవ్వ పడి చిల్లి పడితే, వాళ్ళమ్మ ఎర్రదారంతో దాన్ని చిన్న పువ్వుగా మార్చి రఫ్ఫు చేసిందట. పొదుపు తెలిసిన మనిషి చెయ్యి అది. చూడగానే గౌరవం కలిగింది.

"చిన్న బొంత కావాలండీ. చాలా చిన్నది" అంది.

"ఎన్నో నెల బిడ్డా?"

ఉలిక్కిపడింది. తరువాత గొంతు తగ్గించి చెప్పింది. "మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలబడలేదు మామ్మగారూ. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పుట్టకముందు ఇలాంటివి చేయించకూడదంటారు, తెలుసు. కానీ అమ్మ లేదు. అమ్మ చీర కుట్టించి దగ్గర పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుందని..."

"నా నోట్లకెళ్ళి మాట బయటికి రాదు. రంది పెట్టుకోకు, పో."

రాలేదు కూడా. నోట్లోంచి రాలేదు.

ఆ వారం పని నెమ్మదిగా సాగింది. పూర్తయిన బొంత ఒక్కటి కూడా లేదు. సాయంత్రం రజిత, "ఇయ్యాల ఏం పెట్టాలె అత్తమ్మా?" అని అడిగితే, నా ఒళ్ళో సగం కుట్టిన చిన్న బొంత చూపించాను.

"గీ ఎర్రపువ్వు మంచిగున్నది. తియ్ ఫోటో."

"గామెను అడగద్దా?"

"పేరు రాస్తున్నమా ఏంది? ఉత్త గుడ్డ గది."

'పసిబిడ్డ బొంత తయారవుతోంది' అని కింద రాసి పెట్టింది. ఆ రాత్రి వచ్చినంత రీచ్ అంతకుముందు ఎన్నడూ రాలేదు. నేను ఖుషీగా పడుకున్నాను.

తెల్లవారి రజిత ఫోన్ పట్టుకుని వచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఫోటో కింద మాధవి ఆడపడుచు కామెంట్ రాసింది. 'వదినా! ఇది మీ అమ్మగారి చీర కదా! ఆ ఎర్రపువ్వు నాకు తెలీదా? ఎన్నో నెల? మాకు చెప్పనే లేదేం!' దాని కింద చుట్టాలు. వాళ్ళ కింద మాధవి ఆఫీసు వాళ్ళు. అందరూ శుభాకాంక్షలు.

ఎట్లా జరిగిందో రజిత చెప్పాక అర్థమైంది. మాధవి మా పేజీకి లైక్ కొట్టినప్పుడు ఆ సంగతి ఆమె స్నేహితులకు, చుట్టాలకు కనబడింది. వాళ్ళూ వచ్చి చేరారు. గిరాకీ పెరిగిందని మేము మురిశాం గానీ, ఆమె ఇంటివాళ్ళంతా మా బోర్డు ముందే నిలబడి ఉన్నారని మాకు తట్టలేదు.

వెంటనే పోస్ట్ తీసేశాం. అప్పటికే మాధవి ఫోన్ వచ్చింది. అరిస్తే బాగుండేది. అరవలేదు.

"మిమ్మల్ని ఏమీ అననండీ. ఈసారి కూడా నిలబడకపోతే ఇంతమందికీ నేను మళ్ళీ చెప్పుకోవాలి. అది మీకు తెలీదు. మా అమ్మ చీర నాకిచ్చేయండి. ఉన్నది ఉన్నట్టు. ఆఫీసులోనే ఉంటాను, ఎవరితోనైనా పంపండి."

ఉన్నది ఉన్నట్టు ఎట్లా ఇవ్వను? చీర అప్పటికే నాలుగు ముక్కలైంది.

"నేను పోత అత్తమ్మా" అంది రజిత. వద్దన్నాను. తప్పు నాది, మొఖం కూడా నాదే ఉండాలి. బొంతను, మిగిలిన ముక్కలను గుడ్డసంచిలో పెట్టుకుని, బస్సుల్లేవు కాబట్టి మర్నాడు పొద్దున్నే మాదాపూర్ దాకా నడిచాను.

గేటు దగ్గర కాపలా అతను ఆపాడు.

"సంచిల ఏమున్నది పెద్దమ్మా?"

"బట్టలు."

"తెరువు, చూస్త."

మా ఇద్దరి చుట్టూ ఆఫీసు పిల్లలు మెడలో కార్డులు వేసుకుని లోపలికి పోతున్నారు. వాళ్ళలో ఆ కామెంట్లు రాసినవాళ్ళు ఎవరో, ఆ ఎర్రపువ్వును గుర్తుపట్టే కళ్ళు ఏవో నాకేం తెలుసు? సంచి మూతి బిగించి పట్టుకున్నాను.

"తెరువ."

"గట్లయితె లోపటికి పోనియ్య. సమ్మె టైం. ఎవల సంచిల ఏమున్నదో ఎవలకెరుక?"

"నాది సిద్దిపేట దిక్కు. మన దిక్కు మనిషినే అనుమానిస్తవా?"

"మా అవ్వ వచ్చినా సంచి చూసుడే పెద్దమ్మా."

"మంచిది, నీ పని నువ్వు చెయ్యి. మాధవి మేడంకు ఫోన్ కొట్టు. నేను గీడనే కూసుంట."

మీటింగులో ఉందని చెప్పారు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. అతనే మనసాగక నీళ్ళు తెచ్చిచ్చాడు.

"సంచి గీడ పెట్టి, జర నీడకు కూసో. నేనేం ఎత్తుకపోను."

"సంచి నా ఒళ్ళెనే ఉంటది."

"అండ్ల బంగారమున్నదా ఏంది?"

"నీకెందుకు కొడుకా. కావలి కాయి."

అన్నం వేళకు మాధవి దిగి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే అతను మొదలుపెట్టాడు. "చూడుండ్రి మేడం, పొద్దుగాలటి సంది గిట్లనే. సంచి తెరిస్తె ఎప్పుడో లోపటికి పోతుండె. తెరువుమంటె తెరువది!"

"ఎందుకు తెరవలేదు మామ్మగారూ?"

"గీడ అందరున్నరు బిడ్డా. మొన్న ఒకపారి తెరిచిన. చాలు."

మాధవి నా చెయ్యి పట్టుకుని, పక్కన మూసి ఉన్న చాయ్ డబ్బా వెనక్కు తీసుకుపోయింది. అక్కడ సంచి విప్పాను.

"ముక్కలైంది బిడ్డా. మల్ల అతికి చీర చెయ్యమంటె చేస్త. కాని గది మీ అమ్మ కట్టిన చీర గాదు. తప్పు నాది. మా కోడలు అడుగుదామన్నది, నేనే వద్దన్న."

ఆమె కుట్ల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది.

"ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు కుట్టారు?"

"పసిపిల్ల వేలు దారంల ఇరుక్కోకుండ."

ఎర్రపువ్వు పైకి కనబడేలా బొంతను మడిచింది. తరువాత చెప్పింది. "రాత్రి మా అత్తగారు ఫోన్ చేశారండీ. దాచానని తిడతారనుకున్నాను. 'రెండుసార్లూ నువ్వొక్కదానివే ఎందుకు మోశావమ్మా' అని ఏడ్చారు. బయలుదేరి వస్తున్నారు."

"మంచిగైంది. అట్లని నేను చేసింది మంచి పని గాదు."

"కాదు. నా కోపం ఇంకా పోలేదు."

"పోవద్దు గూడ."

అప్పుడు నవ్వింది. "పూర్తి చేయండి మామ్మగారూ. ధైర్యానికి ఇప్పుడు అత్తగారు ఉంటారు. బొంత పురుడయ్యేదాకా మీ ఇంట్లోనే ఉంచండి."

ఆ సాయంత్రం నేనూ రజితా పేజీ అంతా వెతికి, అడగకుండా పెట్టిన ఫోటోలన్నీ తీసేశాం. బోర్డు బోసిపోయింది. కొత్తవాళ్ళు అడగడం తగ్గింది. "పేజీ సచ్చిపోతది అత్తమ్మా" అని రజిత పరేషాన్. "సావనియ్యి, మల్ల బతికిద్దాం" అన్నాను. ఒక్కొక్క గిరాకీకి ఫోన్ చేసి అడిగాం. వద్దన్నవాళ్ళు కొద్దిమందే. చాలామంది సరేనని, ఆ చీర ఎవరిదో, ఎప్పుడు కట్టిందో తామే చెప్పి రాయమన్నారు. నేను దినాం పెట్టించిన ఉత్త ఫోటోలకంటే ఆ కథలనే జనం ఆగి చదివారు. వారానికి ఒక్కటి పెట్టినా సరిపోయింది.

ఎండాకాలంలో మాధవికి ఆడపిల్ల పుట్టింది. బొంత నేనే తీసుకుపోయి ఇచ్చాను. వాళ్ళ అత్తగారు నా చేతుల్లోంచి అందుకుని, పిల్లను అందులోనే చుట్టింది. ఫోటో సంగతి నేను ఎత్తలేదు. నెల దాటాక మాధవే తన పేరు మీద పెట్టింది. పిల్ల ముఖం పక్కనే ఎర్రపువ్వు. 'మా అమ్మ చీర, బోరబండ మామ్మగారి కుట్టు' అని రాసింది. ఆ ఒక్కదానితో భీమవరం నుంచి, వరంగల్ నుంచి, కోకాపేట నుంచి కూడా చీరలు వచ్చాయి.

ఇప్పుడు చీర చేతిలోకి తీసుకునేటప్పుడు కొలతతో పాటు రెండు మాటలు అడుగుతాను. ఫోటో పెట్టొచ్చా? పెడితే ఎప్పుడు? కొందరు వెంటనే అంటారు, కొందరు పురుడయ్యాక అంటారు, కొందరు తల అడ్డంగా ఊపుతారు. కొత్తగా పేజీ తెరిచేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. పేరు రాయలేదు కదా అని ధీమాగా ఉండకండి, ఇంటివాళ్ళు పేరు చూసి కాదు, చీర చూసి గుర్తుపడతారు. ఒక కబురు వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే పండుగ. అదే కబురు వాళ్ళకంటే ముందు మనం చెబితే చాడీ.