పాటల పట్టిక కంఠతా వచ్చిన మనిషి

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, కెనడాలో ఒట్టావా శివారైన కనాటాలో ఒంటరిగా ఉంటున్న ఓ పెద్దాయనను చూసి రిపోర్టు ఇమ్మని మా మేనేజర్ ఫైలు పంపింది. అప్పటికి ఒట్టావా ప్రాంతంలో సోషల్ వర్కర్‌గా నాకు చాలా ఏళ్ల సర్వీసు ఉంది. హోదా కెపాసిటీ ఎవాల్యుయేటర్. వయసు మళ్లినవాళ్లు సొంత ఇంట్లో ఉండాలా, కేర్ హోమ్‌కి వెళ్లాలా అన్నది వాళ్లే నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నారో లేదో తేల్చడం నా పని.

ఈ పని గురించి ఒక మాట చెప్పాలి. మనిషి తీసుకున్న నిర్ణయం తెలివైనదా కాదా అని మేము చూడం. నిర్ణయం తీసుకునే శక్తి ఉందా అన్నదే చూస్తాం. అది ప్రతి మనిషికీ ఉందనే చట్టం అనుకుంటుంది. లేదని రాయాలంటే ఆధారం మేమే చూపాలి. అందుకు రెండు విషయాలు గమనిస్తాం. తన పరిస్థితి గురించి చెప్పింది అర్థమవుతోందా అన్నది మొదటిది. ఇలా చేస్తే తనకు ఏమవుతుందో తన విషయంగా గ్రహిస్తున్నాడా అన్నది రెండోది. మొదటిది తేల్చడం సులువు. పొరపాట్లన్నీ రెండోదాని దగ్గరే జరుగుతాయి.

ఆయనను హార్లో గారు అంటాను. అసలు పేరు అది కాదు. ఉత్తర ఇంగ్లండులో పుట్టి, పాతికేళ్ల వయసులో కెనడా వచ్చి, టెలిఫోన్ పరికరాలు తయారుచేసే చోట టెక్నీషియన్‌గా పనిచేశారు. భార్య పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు, దూరాన సస్కటూన్‌లో వ్యవసాయ యంత్రాల కంపెనీలో ఉద్యోగం. ఆ శీతాకాలంలో ఆయన రెండుసార్లు కెటిల్ స్టవ్ మీద మాడబెట్టారు. ఒకసారి బూట్లు లేకుండా మంచులో నడుస్తుంటే సిటీ బస్సు డ్రైవర్ ఎక్కించుకుని ఇంటికి చేర్చాడు. నాన్నను కేర్ హోమ్‌లో చేర్చమని కూతురు కోరింది. ఆయన ససేమిరా అన్నారు. అందుకే నన్ను పంపారు.

తలుపు తీసింది సునీత గారు. వరంగల్ వైపు ఆవిడ. అక్కడ పన్నెండేళ్లు నర్సుగా చేశారు. ఇక్కడ నర్సు లైసెన్సు ఇంకా రాక పర్సనల్ సపోర్ట్ వర్కర్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి స్నానం, మందులు, తిండి చూసే పనిలో ఉన్నారు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున రెండు గంటలు హార్లో గారి దగ్గర. మా వ్యవస్థలో అందరికన్నా కింది మెట్టు అదే. రోగితో అందరికన్నా ఎక్కువసేపు ఉండేదీ వాళ్లే.

నా ఇంటర్వ్యూ ఏకాంతంగా జరగాలన్నది నియమం. హార్లో గారు నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లారు. గోడ పొడవునా రికార్డులు, వాటి కింద నోటుపుస్తకాలు. పందొమ్మిది వందల అరవైల తొలి ఏళ్లలో, ఇరవయ్యేళ్లు నిండకముందే, ఆయన తన ఊళ్లో రికార్డుల దుకాణం కౌంటర్‌లో పనిచేశారట. అప్పట్లో బ్రిటన్‌లో సంగీత వారపత్రికలు నాలుగైదు ఉండేవని, ఏ పత్రికకి ఆ పత్రిక ఆ వారం బాగా అమ్ముడైన సింగిల్స్ పట్టిక వేసుకునేదని ఆయనే చెప్పారు. సింగిల్ అంటే అటొక పాట, ఇటొక పాట ఉన్న చిన్న రికార్డు. పత్రికలవాళ్లు తాము ఎంచుకున్న దుకాణాలకు ఫోన్ చేసి ఏవి ఎలా పోతున్నాయని అడిగేవాళ్లు. అలా ఫోన్ వచ్చే దుకాణాల్లో వీళ్లదొకటి. ఫోన్ ఎత్తి జవాబు చెప్పేది ఈయన.

"ఒక తేదీ చెప్పండి. ఏదైనా సరే, అరవై నుంచి అరవై మూడు లోపు," అన్నారు.

మా పెద్దన్నయ్య పుట్టిన తేదీ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని పది నుంచి ఒకటి దాకా వరుసగా చెప్పారు. పాట, పాడినవాళ్లు, కిందటి వారం ఎక్కడుంది, ఎన్ని వారాలుగా ఉంది. పైగా ఇంకో పత్రికలో మూడూ నాలుగూ తారుమారయ్యాయని జోడించారు. నాకు అందులో ఒక్క పాటా తెలియదు. భీమవరం దగ్గర మా ఇంట్లో క్రైస్తవ కీర్తనలు తప్ప ఇంకో పాట వినపడేది కాదు. అయినా ఆ ధారను వదలకుండా నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాను.

అప్పుడు ఆయన అసలు సంగతికి వచ్చారు. ఆ మాటలు నాకు ఇప్పటికీ ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

"ఒకే వారం ఒక పత్రికలో ఒక పాట నంబర్ వన్, ఇంకో పత్రికలో ఇంకో పాట. ఏది నిజం? వాళ్లు ఏ దుకాణానికి ఫోన్ చేశారో అదే నిజం. మా ఓనర్ దగ్గర ఒక రికార్డు అమ్ముడుపోక మిగిలిపోతే, అది బాగా పోతోందని చెప్పమనేవాడు. చెప్పేవాణ్ని. రాసుకునేవాళ్లు. మా అమ్మాయి ఎవరికి ఫోన్ చేసింది? ఆ బస్సు డ్రైవర్‌కా? వేరేవాళ్లకి చేసుంటే మీ ఫైల్లో వేరే మనిషి ఉండేవాడు."

అంత పదునుగా వాదించగల మనిషి మెదడు చెడిందని ఎలా రాస్తాను? ఆ క్షణంలోనే నా మనసులో రిపోర్టు సగం తయారైపోయింది.

తర్వాత ఫారంలోని ఐదు ప్రశ్నలూ అడిగాను. ఇంట్లో మీకు ఏ ఇబ్బందులున్నాయి, వాటిని ఎలా ఎదుర్కొంటారు, ఇక్కడే ఉంటే ఏమవచ్చు, ఆ ధోరణిలో సాగే ప్రశ్నలు. అన్నిటికీ సరిగ్గా చెప్పారు. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నెస్ ఆగిపోతే ఏం చేస్తారని నా అంతట నేను ఇంకొకటి అడిగాను. "ఫ్రిజ్ మీద కంపెనీ నంబర్ ఉంది, చేస్తాను. ఎత్తకపోతే పక్కింటి తలుపు కొడతాను. చలికి చచ్చేంత మూర్ఖుణ్ని కాను," అని నవ్వారు. నేనూ నవ్వి రాసుకున్నాను.

నేను బూట్లు వేసుకుంటుంటే సునీత గారు వంటగదిలోంచి వచ్చి, గొంతు తగ్గించి తెలుగులో అన్నారు.

"మేడమ్, ఒక్క మాట. సార్‌కి ఆ లిస్టులన్నీ యాదికుంటయ్. పొద్దున టాబ్లెట్ వేసుకున్నడా లేదా అది యాదికుండది. నేను వచ్చినప్పుడల్లా పేరు అడుగుతడు. మొన్న ఇంట్ల వేడి పెంచే థర్మోస్టాట్ ముంగట నిలబడి, ఇది రేడియోనా, సౌండ్ వస్తలేదేంది అన్నడు."

"డాక్టర్‌కి చెప్పారా?" అన్నాను.

"ఏజెన్సీ యాప్‌ల నోట్ పెట్టిన. ఎవరు చదువుతరు మేడమ్? మీరు పెద్ద ఆఫీసర్ కదా, మీరు రాస్తే వింటరు."

సరేనన్నాను. కారు ఎక్కేసరికి ఆ మాట నాలో పలచబడింది. ఆవిడ అబద్ధం చెబుతోందని అనుకోలేదు. ఆవిడది పరిశీలన, నాది పరీక్ష అనుకున్నాను. తేడా హోదాదని ఆనాడు ఒప్పుకుని ఉండేదాన్ని కాదు.

రిపోర్టు ఇవ్వడానికి ఇంకా మూడు రోజులు గడువుంది. శనివారం లైబ్రరీకి వెళ్లి, పాత బ్రిటిష్ చార్టులు అచ్చువేసిన పుస్తకం తీయించి, హార్లో గారు చెప్పిన పది పాటలూ సరిచూశాను. పదీ సరిపోయాయి. ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చి, ఆయనకు నిర్ణయశక్తి ఉందని రాసి పంపించాను. సునీత గారు చెప్పిన మాట అందులో లేదు. యాప్‌లో ఆవిడ పెట్టిన నోట్ తెరిచి చూడలేదు.

తర్వాతి శుక్రవారం పెద్ద మంచు తుపాను. రోడ్లు మూసేశారు. సునీత గారి విజిట్ క్యాన్సిల్ అయింది. సోమవారం సెలవు కావడంతో అదీ క్యాన్సిల్. ఈ మధ్యలో, బహుశా ఆదివారం తెల్లవారేసరికి, ఇంటి పక్క గోడకున్న ఫర్నెస్ గొట్టం మంచుతో పూడుకుపోయి ఫర్నెస్ ఆగిపోయిందని టెక్నీషియన్ తర్వాత చెప్పాడు. బయట మైనస్ ఇరవై నాలుగు.

బుధవారం పొద్దున సునీత గారు తాళం తీసి లోపలికి వెళితే తన ఊపిరి తనకే కనిపించిందట. హార్లో గారు బేస్‌మెంట్‌లో కుర్చీలో ఉన్నారు. పైజామా మీద కోటు తొడుక్కున్నారు, బొత్తాలు తప్పుగా పెట్టుకున్నారు. ప్రాణం ఉంది. ఆవిడ ఆయనను దుప్పట్లలో చుట్టి, పక్కన కూర్చుని, అంబులెన్స్ వచ్చేదాకా చేతులు పట్టుకునే ఉన్నారు. రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో ఆయన చనిపోయారు.

ఫర్నెస్ కంపెనీకి ఆయన ఫోన్ చేయలేదు. ఎవరికీ చేయలేదు. ఫోన్ మాత్రం పనిచేస్తూనే ఉంది. ఆదివారం సాయంత్రం కూతురు చేస్తే ఎత్తి పావుగంట మాట్లాడారు.

తండ్రి అంత్యక్రియలు ముగించుకుని ఆమె మా ఆఫీసుకి వచ్చింది. యాభై దాటిన మనిషి, కోటు విప్పకుండానే కూర్చుంది. నేను, మేనేజర్ ఎదురుగా ఉన్నాం.

"ఆ ఆదివారం ఫోన్‌లో, అమ్మను మొదటిసారి చూసిన వారం చార్ట్ చెప్పారు నాన్న. తప్పు లేకుండా చెప్పారు. గొంతు కొంచెం వణికింది. నవ్వుతున్నారనుకున్నాను," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి ఒకటే అడిగింది. "మీరు ఆయన్ని థర్మోస్టాట్ దగ్గరికి తీసుకెళ్లి, ఒకసారి తిప్పమన్నారా?"

"లేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. లేచి బయటికి నడిచింది. అరిచి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పుకోగలిగేదాన్ని.

అంతర్గత విచారణలో నా తప్పేమీ తేలలేదు. ఐదు ప్రశ్నలూ అడిగాను, జవాబులు యథాతథంగా రాశాను, గడువులోపు పంపాను. పద్ధతి ప్రకారమే జరిగిందని మేనేజర్ సంతకం పెట్టింది. మరునాడు సునీత గారికి ఫోన్ చేశాను.

"నేనే ఇంక గట్టిగ చెప్పాల్సి ఉండె మేడమ్," అన్నారు ఆవిడ. అప్పటికే ఏడ్చి ఉన్నారు.

"మీరు చెప్పారు. నేనే రాయలేదు," అన్నాను.

ఆ వారమే ఫైలుకు ఒక అనుబంధ నోట్ జతచేశాను. ఫలానా రోజు, బూట్లు వేసుకుంటుండగా, సపోర్ట్ వర్కర్ నాకు ఈ మాటలు చెప్పింది, వాటిని నేను రిపోర్టులో చేర్చలేదు, యాప్‌లో ఆమె నోట్ చదవలేదు, అని. దాని అవసరం లేదని, ముగిసిన ఫైలు మళ్లీ తెరుచుకుంటుందని మేనేజర్ హెచ్చరించింది. తెరుచుకుంది. ఏడాది పాటు నా రిపోర్టులన్నిటి మీదా నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన సహోద్యోగి ఎదురు సంతకం పెట్టాల్సి వచ్చింది. నోట్ ప్రతి ఒకటి కూతురికి వెళ్లింది. ఆమె దగ్గర్నుంచి జవాబు రాలేదు.

ఆ తర్వాత పని చేసిన కాలంలో నేను ప్రతి ఇంట్లోనూ మనిషిని కుర్చీలోంచి లేపేదాన్ని. స్టవ్ వెలిగించి ఆర్పమనేదాన్ని, ఫోన్‌లో నంబర్ నొక్కమనేదాన్ని, ఈ పూట మందులు చూపించమనేదాన్ని. ఫలానా పని చేస్తానని చక్కగా చెప్పినవాళ్లలో కొందరు ఆ పని ముందు నిలబడి కదల్లేకపోయారు. పాత జ్ఞాపకం ఎంత గట్టిగా ఉన్నా, ఇవాళ్టి చలికి అది కోటు తొడిగించదు. ఇంటికి వచ్చే సపోర్ట్ వర్కర్‌తో ముందు మాట్లాడి, ఆ మాటలు పేరుతో సహా రాసేదాన్ని. ఇవేవీ ఫారం అడగదు. వద్దనీ అనదు.

అలా చేశాక కూడా, నేను శక్తి ఉందని రాసినవాళ్లలో కొందరు ఒంటరిగా ఇంట్లోనే పోయారు. వాళ్ల విషయంలో నేను పొరబడ్డానో లేదో చెప్పలేను. హార్లో గారి విషయంలో చెప్పగలను. పొరబడ్డాను.