హత్సుయె గారి తొట్టెలో మురికి

ముసలివాళ్ళకు ఇంటి దగ్గర సేవ సరిగ్గా, ప్రమాదం లేకుండా అందుతోందో లేదో చూసి రావడం తొమొకో ఉద్యోగం. నాగసాకి కొండవాలు మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు అరిగాయి గానీ, ఏ గుమ్మంలోనూ "అంతా బాగుందమ్మా, వాళ్ళ దయ" అన్న మాట తప్ప ఇంకొకటి వినలేదు. అక్కడ ఫిర్యాదు చేయడమంటే ఎదుటివాళ్ళ ముఖాన ఉమ్మినంత పని. అందుకే ఆమె చెవుల్ని పక్కన పెట్టి కళ్ళకు పని చెప్పేది.

ఆ రోజు హత్సుయె గారింట్లో ఆ కళ్ళు ముసలావిడ మోచేతి దగ్గర ఆగిపోయాయి. నల్లగా కమిలి ఉంది. హత్సుయె ఒంటరి మనిషి. మనామి అనే అమ్మాయి వచ్చి స్నానాల తొట్టె కడిగి, స్నానం చేయించి వెళుతుంది. బీరువా తగిలిందని చెప్పింది హత్సుయె. ఆ ఇంట్లో బీరువా ఎక్కడుందో తొమొకోకు కనిపించలేదు.

మనామి మొరటుగా పట్టుకుందని నివేదికలో రాస్తే ఆ పిల్ల పని పోతుంది. ముసలావిడ పడిందని రాస్తే, ఒంటరిగా ఉండకూడదని వృద్ధాశ్రమానికి పంపేస్తారు. ఏమీ రాయకపోతే రేపు ఏ ఎముకో విరిగిన పాపం తనది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చేతులు కడుక్కునే నెపంతో స్నానాల గదిలోకి వెళ్ళింది. తొట్టె తళతళలాడుతోంది. మనామి మధ్యాహ్నం గానీ రాదు, అయినా మూలనున్న బ్రష్ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తొమొకోకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి.

"బామ్మగారూ, తొట్టె కడగడానికేగా ఆ పిల్ల వచ్చేది?"

"నా ఒంటి మురికి పరాయి పిల్లకెలా చూపించనమ్మా? సిగ్గుండక్కర్లేదూ?"

"సిగ్గు దక్కింది, చెయ్యి కమిలింది. రేపు నడుము విరిగితే ఆ సిగ్గొచ్చి మోస్తుందా?"

హత్సుయె నవ్వబోయి ఆగింది. తొట్టెలోకి వంగి జారానని, ఆ పిల్ల మీద మాత్రం ఏమీ రాయొద్దని బతిమాలింది. తొమొకో నీతులు చెప్పలేదు. కుళాయి బాగు చేసేవాడు వస్తున్నాడంటే తానూ ముందే వంటిల్లు తుడుస్తుంది మరి.

మధ్యాహ్నం దాకా కూర్చుని, మనామి ఎదుటే సంగతంతా చెప్పింది. ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. బామ్మగారిల్లు ఎంత శుభ్రమో అని నలుగురికీ చెప్పుకుందే గానీ, ఎవరు కడుగుతున్నారని ఒక్కసారీ అడగలేదట.

"ఆ మురికి నాకొదిలెయ్యండి బామ్మగారూ. మా అమ్మమ్మ తొట్టె చూస్తే మీది గుడిలా ఉంటుంది," అంది మనామి.

తొమొకో జరిగింది జరిగినట్టే రాసింది. గోడకు పట్టుకునే కడ్డీ, నేలకు జారని చాప అడిగింది. ఆశ్రమం మాట ఒక నెల ఆపమని పైవాళ్ళను ఒప్పించింది.

నెల గడిచాక వెళ్ళేసరికి హత్సుయె టీ మాటైనా ఎత్తకుండా ఆమెను నేరుగా స్నానాల గదికి తీసుకెళ్ళింది. మోచెయ్యి తేటపడింది. తొట్టె లోపల చుట్టూ బూడిదరంగు మురికి గీత.

"మొన్నట్నుంచీ అలాగే ఉంది. నేను కడగలేదు, ఆ పిల్లకే వదిలేశా. చూశావుగా, ఇక తలుపెయ్యి," అంది ముఖం తిప్పుకుని.

అంతా బాగుందని హత్సుయె ఈసారి అనలేదు. తొమొకో మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట నమ్మింది.