ఒంట్లో పడుకున్న పాత చుట్టం

బడి నేనే మానేశానని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆరో తరగతిలో రెండో ఏడు కూడా అదే బల్ల మీద కూర్చునేసరికి బల్లకే విసుగు పుట్టింది. ఆ తర్వాత పూండికీ పలాసకీ మధ్య ఆటో తోలడమే నా చదువు. అలాంటి నాకు పోయినేడాది విశాఖలో ఒక డాక్టరమ్మ మనిషి పుట్టకముందరి సంగతులు పాఠం చెప్పింది.

రోగం నాది కాదు, నా భార్యది. మా మేనమామ కూతురే. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. వేళ్లు వాచినప్పుడు జీడి నూనె తగిలిందనుకున్నాం. ఆ పని చేసే ఆడవాళ్ల చేతులు ఎప్పుడు బాగున్నాయి గనక. చెంపల మీద ఎర్రగా పొక్కినా అదే అనుకుని ఆముదం రాసింది. పొద్దున్నే టీ గ్లాసు చేతిలోంచి జారిపోయిన రోజున గానీ మాకు అనుమానం రాలేదు. వచ్చిన అనుమానం కూడా మా ఉద్దానం ఊళ్లలో అందరికీ వచ్చేదే: కిడ్నీ. మా వైపు ఇద్దరు ఎదురుపడితే తిన్నావా అని కాదు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. పరీక్ష చేయిస్తే అది బాగానే ఉంది. ఆ పూట చేపల కూర వండుకుని తిన్నాం. వాపు మాత్రం ఎక్కడికీ పోలేదు.

టెక్కలి డాక్టరు పంపితే విశాఖ వెళ్లాం. లూపస్ అనే జబ్బన్నారు. రోజూ వేసుకోమని మాత్రలిచ్చారు. కొన్నాళ్లు వేసుకుని ఆపేసింది.

"మాత్తర్లు మింగీ మింగీ కాదా బావా, మనూళ్లో కిడ్నీలు పాడైపోతన్నవి. సేతులు పోతే పోనీ. కిడ్నీలు దాసుకుంటాను," అంది.

నొప్పి బిళ్లలు మింగొద్దని మా ఊరు వచ్చి చెప్పని వాళ్లు లేరు. బిళ్లలన్నీ ఒకటేనని మేం పట్టేసుకున్నాం. వానలు పడేసరికి జ్వరం, మళ్లీ వాపు, మళ్లీ రైలు. పలాస స్టేషన్లో సంచీ నేనే మోశాను, మనిషిని సగం నేనే మోశాను. ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం దాకా గోడకి ఆనుకుని కూర్చున్నాం. మాట్లాడుకోవడానికి కూడా ఓపిక లేదు.

మా వంతు వచ్చేసరికి డాక్టరమ్మ కూడా అలిసిపోయి ఉంది.

"మా ఊరి నీళ్లేనా మేడమ్ దీనికి కారణం?" అని అడిగాను.

కాదంది. ఎన్నో లక్షల ఏళ్ల కిందట మన పూర్వీకుల ఒంట్లో దూరిన వైరస్‌లు కొన్ని వాళ్ల జన్యువుల్లోనే ఉండిపోయాయట. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తూ ఇప్పుడు మనందరిలోనూ ఉన్నాయట. చాలావరకు నిద్రలోనే ఉంటాయి. కొందరిలో అవి కదిలితే, కొత్త వైరస్ వచ్చిపడిందనుకుని ఒళ్లు తన మీద తనే యుద్ధం చేస్తుందట.

"అంటే దొంగ లేకుండానే కుక్క ఇంట్లోవాళ్లని కరుస్తున్నట్టా మేడమ్?"

"అలాంటిదే. ఇదొక్కటే కారణమని ఇంకా తేలలేదు, పరిశోధన జరుగుతోంది." తర్వాత నన్ను వదిలేసి నా భార్య వైపు తిరిగింది. "ఇవి నొప్పి బిళ్లలు కావమ్మా. మందు ఆపేస్తే ఈ జబ్బే కిడ్నీల మీదికి పోవచ్చు. కిడ్నీలు కావాలనుకుంటే ఇవి మానకూడదు. పరీక్షలకి మాత్రం వస్తూ ఉండాలి."

తిరుగు రైల్లో నా భార్య కిటికీకి తల ఆనించి, వాచిన వేళ్లను ఒడిలో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. మాత్ర మింగుతుందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. అడగడానికి నాకు భయం వేసింది.

ఇంటికొచ్చాక అన్నం తిని, మందుల సంచీ తనే విప్పింది. మాత్రను అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఉండబట్టలేక నేనే అన్నాను:

"మింగీయే. తాతల నాటి సుట్టం లోపల పడుకున్నాడు. మళ్లీ లేత్తే నిన్ను ఇశాపట్నం మొయ్యడం నా వల్ల కాదు."

మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా కింద పెట్టింది.

"పడుకున్నోడు లేత్తే ఇల్లంతా మంటేనని డాక్టరమ్మ సెప్పాలేటి నాకు? పెళ్లయిన కాడి నుంచీ సూత్తన్నాను గదా. నీకూ ఒక మాత్తర రాయమని అడగలేకపోనావా బావా?"