అత్తమ్మకు గిర్ని నేర్పిన అల్లుడు

ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి గానీ, ఆ రోజుల్లో నా మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. జనగామలో డిగ్రీ చదివి, రెండేళ్లు ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న నేను, పేరున్న మూడు మేనేజ్‌మెంట్ కాలేజీలకు ఒకేసారి దరఖాస్తు పెట్టాను. మూడూ నన్ను ఎంతో మర్యాదగా వద్దన్నాయి. (మర్యాద అంటే, 'మీ ప్రతిభ మమ్మల్ని ఆకట్టుకుంది, అయినా...' అనే మెయిలు. ఆ 'అయినా' తర్వాత ఏముంటుందో మూడోసారికి చదవకుండానే తెలిసిపోయింది.) బాపు మాత్రం రోజూ పొద్దున చాయ్ తాగుతూ "ఏమన్న తెలిసిందారా?" అని అడిగేవాడు. "ఇంకా చూస్తున్నరు బాపూ" అని పదిహేను రోజులు నెట్టుకొచ్చి, పదహారో రోజు ఆ ప్రశ్నకు ముందే లేచి భూపాలపల్లి బస్సెక్కాను.

భూపాలపల్లిలో మా పెద్దమ్మ కొడుకు ఉండేవాడు. చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగం. ఇంట్లో అందరం ప్లానన్న అనేవాళ్లం, ఎందుకంటే ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ముందు డైరీ తీసేవాడు. (తన పెళ్లి గురించి కూడా అందులో నాలుగు పేజీల ప్లాను ఉండేది. పెళ్లి మాత్రం అప్పటికి కాలేదు.) నా దరఖాస్తులోని వ్యాసం తీసుకుని రెండుసార్లు చదివాడు.

ఆ వ్యాసం సంగతి చెప్పాలి. మహబూబాబాద్‌లో మా మేనత్తకు కారం, పసుపు పట్టే గిర్ని ఉంది. ఒక నిస్సహాయ గ్రామీణ మహిళ గిర్నిని నేనెలా నిలబెట్టానో, అక్కడ టోకెన్ పద్ధతి తెచ్చి వ్యాపారాన్నే ఎలా మార్చేశానో రెండు పేజీలు రాశాను. నిజానికి జరిగిందేమిటంటే, ఒక వేసవిలో ఒక్క పూట అట్టముక్కల మీద నంబర్లు రాసి జనానికి పంచాను. వాళ్లు వాటిని చూసి నవ్వి, ఎప్పటిలాగే తమ డబ్బాలు, సంచులు వరుసలో పెట్టి బజారుకు వెళ్లిపోయారు. ఇంటర్వ్యూకు పిలిచిన ఒకే ఒక్క కాలేజీలో ఒక మేడం, "కారం పట్టిన గిర్నిలోనే పసుపు పట్టాలంటే ముందు ఏం చేస్తారు?" అని అడిగింది. నేను తడుముకోకుండా "కంప్యూటర్‌లో ఎంట్రీ చేస్తాం" అన్నాను.

ప్లానన్న ఇదంతా విని కూడా డైరీలో గీత గీశాడు. "తమ్మీ, రాసుడు మంచిగనే రాసినవ్. అది నిజమని చూపెట్ట సబూతు లేదు, గంతే. అత్తమ్మతోని వీడియో తీసి, వచ్చే ఏడు మల్ల పెడుదాం." సిగ్గు లేకుండా నేను సరేనన్నాను. ఏడాది తర్వాతైనా బాపు ముందు తలెత్తుకోవాలి కదా!

మర్నాడు మేమిద్దరం మహబూబాబాద్‌లో దిగేసరికి మిరప సీజను, గిర్ని ముందు డబ్బాల బారు వీధి దాకా ఉంది. మేం తుమ్ముతూనే లోపలికి వెళ్లాం. బల్ల మీద కూర్చున్న ఒక అవ్వ నన్ను తేరిపార చూసి, "ఓరి నీ! గీ పిలగాడేనా చిట్టీలు పంచింది? ఆ ఏడు నా కారంల అట్టముక్క వచ్చింది గద!" అంది.

అత్తమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, యంత్రం పక్కనే నిలబడి నా వ్యాసం వింది. నేను ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చెబుతున్నాను.

"నిస్సహాయ అంటె ఏంది బిడ్డా?"

"అంటే... ఎవరూ లేని..."

"ఎవ్వరు లేకపోవుడేంది? మీ బాపు లేడా? నువ్వు లేవా?"

నేను నేల చూపులు చూశాను. అత్తమ్మ యంత్రంలో ఇంకో డబ్బా మిరపకాయలు పోసింది. తర్వాత, "మీ మామ పోయినంక పదమూడో దినం గిర్ని తెరిచింది నేనే గద. నీకు తెల్వదా?" అంది. తెలుసు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"గిట్ల చెప్తె నీకు సీటొస్తదా?"

"రావచ్చు అత్తమ్మా."

"అయితె చెప్త. ఫోను తియ్."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నేను ఫోను తీశాను. మొదటిసారి మధ్యలో అవ్వ నవ్వింది. రెండోసారి ప్లానన్న, "జర బాధగ చెప్పు అత్తమ్మా" అన్నాడు. మూడోసారి అత్తమ్మ కళ్ల నిండా నీళ్లతో చెప్పింది. "గిదే ఫైనల్!" అని ప్లానన్న ఎగిరి గంతేశాడు. "కారం ఘాటు నాయినా" అంది అత్తమ్మ.

జనగామకు వెళ్లే రైల్లో ఆ వీడియో చూసుకున్నాను. "నాకేం తెల్వకుండె. మా అల్లుడొచ్చి అన్ని నేర్పిండు" అని అత్తమ్మ చెబుతూనే ఉంది. ఆమె చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. యంత్రం చప్పుడు కాస్త మారగానే, అటు చూడకుండానే మిరపకాయలు జారే పలకను బిగించింది. తర్వాతి డబ్బా ఎవరిదో వేలితో చూపించింది. అవ్వ పసుపు కొమ్ములు అందించగానే, ముందు రెండు గుప్పిళ్ల నూకలు వేసి యంత్రంలో మిగిలిన కారమంతా బయటికి తోసింది. మేడం అడిగిన ప్రశ్నకు జవాబు అదే. సిగ్గుతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికి చేరగానే, "మూడు కాలేజీలూ వద్దన్నయి బాపూ" అని చెప్పేశాను. "తెలుసు తియ్. గన్ని దినాలు ఎవలన్న చూస్తరారా?" అన్నాడు బాపు, చాయ్ గ్లాసు దించకుండానే.

ఆ వీడియో ఎవరికీ పంపలేదు. సీజను అయ్యేదాకా గిర్నిలో పని చేస్తానని అత్తమ్మను అడిగితే, చీపురు ఇచ్చింది. మరుసటి ఏడు వ్యాసంలో ఆ చీపురు గురించే రాశాను. హనుమకొండలో ఒక మామూలు కాలేజీలో సీటొచ్చింది. ఉద్యోగమూ వచ్చింది, నలుగురూ సార్ అంటున్నారు.

ఇప్పటికీ ప్రతి వేసవిలో మా ఇంటి మిరపకాయలు పట్టించి తెచ్చేది నేనే. నన్ను చూడగానే అత్తమ్మ అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా, "నాకేం తెల్వకుండె. మా అల్లుడొచ్చి అన్ని నేర్పిండు" అంటుంది. ముఖంలో నవ్వు కనబడనివ్వదు. కొత్తవాళ్లు నావైపు గౌరవంగా చూస్తారు. నేను నా డబ్బా తీసుకెళ్లి వరుసలో చివర పెట్టి, అక్కడే నిలబడి నవ్వుకుంటాను.