ఊపని కప్పు

ఆ రోజుల్లో మస్కట్‌లో ఉద్యోగం చేసినవాళ్ళు వేలల్లో ఉండవచ్చు గాని, కంపెనీ యజమానిని కాఫీ కూజాతో తన ముందు నిలబెట్టి, ఆయన చెయ్యి నొప్పి పుట్టేదాకా పోయించుకుని తాగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అదీ రెండువందల మంది నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా. (సరే, పాతికమంది. వాళ్ళు కూడా నన్ను కాదు, అన్నం పళ్ళేలు రావలసిన గుమ్మాన్ని చూస్తున్నారు.)

అల్ ఖువైర్‌లో మా ఆఫీసు. డ్రాయింగులు సరిచూడటం నా డ్యూటీ, అదీ ఇంకా ప్రొబేషన్ మీద. మా మేనేజరును చాటుగా టై సారు అనేవాళ్ళం. బయట తారు మెత్తబడే ఎండ కాస్తున్నా ఆయన మెడలో ముడి వదులయ్యేది కాదు, మా మెడల్లోనూ కానిచ్చేవాడు కాదు. కంపెనీ అంటే కుటుంబం అనేవాడు. ఆయన దృష్టిలో కుటుంబమంటే పొద్దున్నే అందరితో చెయ్యి కలపడం, కళ్ళలోకి చూసి నవ్వడం, ఆయన జోకు వేస్తే ఆయన నవ్వు మొదలయ్యాక మొదలుపెట్టి, ఆయన ఆపాకే ఆపడం. నాకేమో ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు జలదరించేది. కళ్ళలోకి చూస్తే చెప్పబోయే మాట మరిచిపోయేవాణ్ణి. ట్యూబులైటు రొద మిగతావాళ్ళకు వినిపించదని తెలియక, అందరికీ మేలు చేస్తున్నాననుకుని రోజూ కుర్చీ ఎక్కి దాన్ని విప్పేసేవాణ్ణి. చివరికి టై సారు పిలిచి, "నీ పనిలో తప్పు లేదయ్యా, నీ మొహంలో ఉంది" అన్నాడు. ప్రొబేషన్ ముగిసేలోగా అది బాగుపడకపోతే ఊరికి టికెట్ చేతిలో పెడతానన్నాడు.

మా ఇంటామె అప్పుడే కరీంనగర్ నుంచి వచ్చి, అద్దె ఇంటి కిటికీలకు కర్టెన్లు కుట్టుకుంటోంది. టికెట్ మాట వినగానే కుట్టడం ఆపేసి నాకు శిక్షణ మొదలుపెట్టింది. అద్దం ముందు నిలబెట్టి నవ్వమనేది. (పళ్ళ డాక్టరుకు చూపించినట్టు ఉందనేది.) ఆఖరికి, "కండ్లల్లకు చూడరాకుంటె కనుబొమ్మల నడుమ జూడు, ఎవలికి తెల్వది. ఇంకోటి, ఎవలేది పెట్టినా వద్దనకు" అని రెండు సూత్రాలు చెప్పింది. నాకు సూత్రమంటే సూత్రమే. మర్నాడు టై సారు కనుబొమ్మల నడుమ ఎంత నిష్ఠగా చూశానంటే, ఆయన మాటిమాటికీ బాత్రూములోకి వెళ్ళి నుదురు కడుక్కొచ్చాడు.

ఆ వారమే మా యజమాని, అంటే అర్బాబ్, స్టాఫునంతా కుటుంబాలతో భోజనానికి పిలిచాడు. మగవాళ్ళం మజ్లిస్‌లో, అంటే అతిథుల హాల్లో కూర్చున్నాం, ఆడవాళ్ళు పరదా అవతల. అర్బాబే స్వయంగా కూజా పట్టుకుని, పిడిలేని చిన్న కప్పుల్లో అందరికీ కాఫీ పోస్తూ వచ్చాడు. అక్కడి ఆచారమేమిటంటే, ఇక చాలనుకున్నవాడు ఖాళీ కప్పును అటూ ఇటూ చిన్నగా ఊపి ఇచ్చెయ్యాలి. ఊపనంతసేపూ పోస్తూనే ఉంటారు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పిందల్లా వద్దనకూడదని. ఆయన పోశాడు, నేను తాగాను. మళ్ళీ పోశాడు, మళ్ళీ తాగాను. ఆయన కూర్చుంటే గాని పళ్ళేలు రావు, నేను ఆపితే గాని ఆయన కూర్చోడు. ఎదురుగా టై సారు కళ్ళతో ఏవేవో సైగలు చేశాడట. నేను చూస్తున్నది ఆయన కనుబొమ్మల నడుమ కదా, కళ్ళ సంగతి నాకెలా తెలుస్తుంది?

చివరికి పక్కవాణ్ణి ఓరకంట గమనించి, నేనే హుందాగా కప్పు ఊపాను. నా మర్యాదకు అర్బాబ్ ముచ్చటపడి, టై సారుతో "ఇతన్ని ఉంచు" అన్నాడు. ఉద్యోగం నిలిచింది, కర్టెన్లూ నిలిచాయి.

మొన్న మనవరాలిని డాక్టరమ్మకు చూపిస్తే, ఆటిజం అంది. ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని అడిగిందో లేదో, మా ఇంటామె వేలు నా వైపు తిరిగింది. ముసలితనంలో నాకూ ఒక పేరు దొరికింది. ఇప్పుడు ఆనాటి నేను, ఆ టై కట్టుకున్న కుర్రాడు, ఎదురైతే, వాడి చేతిలోంచి కప్పు తీసుకుని ఊపేసి, "చాలు నాయనా, ఇక లే" అనాలనిపిస్తుంది.

ఇంతవరకూ రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. చేతిలోని చిక్కుడుకాయలు పక్కనపెట్టింది.

"ఆ పని నేను గప్పుడే జేసిన. పక్కోన్ని జూసి నేర్సుకున్నవా నువ్వు? పరదా జరుపుకొని, గంత మంది మొగోళ్ళ నడుమకచ్చి, నీ చేతులకెళ్ళి కప్పు గుంజుకొని ఊపింది నేను. నౌకరి నిలవెట్టింది నీ మర్యాద గాదు, అర్బాబ్ వాళ్ళ అమ్మ. పరదా సందుల నుంచి నిన్ను జూసి, వచ్చీరాని హిందీల నాతోని అన్నది, మా ముసలాయన గూడ గిట్లనే ఉండె బిడ్డా, వద్దన తెల్వది, అబద్ధమాడ తెల్వది అని. కొడుకును పిలిచి, ఈ పిలగాన్ని పంపకు అన్నది."

నేను కలం మూత పెట్టాను. ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.

"అబద్ధమాడుడు మాత్రం తర్వాత మంచిగనే నేర్సుకున్నవ్."